చంటిపారలో లోతుగుండు

నేను ఒక సీసపు గుండుని. తుపాకీలోంచి వచ్చే రకాన్ని కాదు. నావల్ల ఎవరూ చావలేదు. ఈ మాట ముందుగా ఎందుకు చెబుతున్నానో చివరిదాకా వింటే మీకే తెలుస్తుంది.

సొరకాయ పిందె ఆకారంలో ఉంటాను. తల దగ్గర ఒక ఇనప కడియం, దానికి తాడు. అడుగున బొటనవేలు పట్టేంత గుంట. పడవ ఆపి నన్ను నీళ్లలోకి వదులుతారు. నేను నేలని తాకగానే పైన పట్టుకున్న చేతిలో తాడు వదులవుతుంది. తాడుకి బారకొక ముడి ఉంటుంది కాబట్టి లోతెంతో తెలిసిపోతుంది. అడుగు గుంటలో మెత్తటి సబ్బు అద్దుతారు. ఇసక అంటుకొస్తే ఇసక నేల. నల్లగా వస్తే బురద. ఏమీ అంటకుండా సబ్బు నలిగి వస్తే కింద బండ. తాడు నిటారుగా ఉంటే నీరు నిలకడగా ఉన్నట్టు, ఒక పక్కకి వాలితే నీరు ఆ పక్కకి లాగుతున్నట్టు. నాకు వచ్చిన విద్య ఇంతే. తాకింది చెబుతాను, తాకనిది చెప్పను. మనుషులకి ఈ రెండోది చేతకాదని తర్వాత తెలుసుకున్నాను.

నన్ను పోతపోసినవాడు తెడ్డు పరసయ్య. భీమిలి వెళ్లే దారిలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక చిన్న జాలరిపేట వాళ్లది. పాడైపోయిన లారీ బ్యాటరీలోంచి తీసిన సీసం, చిరిగిన వలలకున్న పాత గుళ్లు కలిపి, సరుగుడు పుల్లల మంటమీద ఇనప మూకుట్లో కరిగించాడు. తడి ఇసకలో రోకలి చివర గుచ్చి గుంట చేసి అందులో పోశాడు. చల్లారాక బయటికి తీసి చూస్తే ఒక పక్క కొంచెం సొట్ట. పరసయ్య తల్లి పోలమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "నీ మూతిలాగే ఉందిరా" అంది. అలా నేను పుట్టాను.

పరసయ్యతో చాలాకాలం తిరిగాను. సముద్రం అడుగున రాళ్ల గుట్టలుంటాయి. పేటవాళ్లు వాటిని పారలంటారు. చేపలన్నీ అక్కడే చేరతాయి. పైనుంచి చూస్తే నీళ్లన్నీ ఒకలాగే కనిపిస్తాయి కాబట్టి, ఒడ్డున ఉన్న తాడితోపునీ దాని వెనక కొండ కొమ్మునీ ఒక వరసలోకి తెచ్చుకుని పార ఎక్కడుందో పోల్చుకునేవారు. చివరికి అవునో కాదో చెప్పేది మాత్రం నేనే. ప్రతి పారకీ ఒక పేరుంది. ఏ పేరు ఎందుకు పెట్టారో ఎవరూ అడిగేవారు కాదు. ఇంటిపేరుకి అర్థమేమిటని ఎవరైనా అడుగుతారా?

తర్వాత పడవల్లోకి యంత్రాలు వచ్చాయి. వాటిలో లోతు అంకెల్లో కనబడుతుంది. పరసయ్య నన్ను ఇంటికి తెచ్చేశాడు. ఎండబెట్టిన చేపలమీద కప్పిన వల గాలికి లేవకుండా పోలమ్మ నన్ను బరువుగా పెట్టేది. కాకులు నామీద వాలేవి. అవి నాకు మరీ చెడ్డ రోజులేమీ కావని ఇప్పుడనిపిస్తుంది.

అక్కణ్ణించి నన్ను మళ్లీ సముద్రంలోకి తీసుకెళ్లినవాడు మజ్జి సోమేశ్వరరావు. నౌకాదళంలో గజ ఈతగాడిగా పనిచేసి విరమణ పొందిన మనిషి. ఆ ఒడ్డునే ఒక యజమాని కొత్తగా స్కూబా కేంద్రం పెట్టాడు. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్ల అడుగుకి దిగడం నేర్పే చోటు అది. నేర్పడానికి సోమేశ్వరరావుని పెట్టుకున్నాడు. నీళ్లంటే ఎరగని పట్నం పిల్లల్ని మొదటిసారి ఎక్కడ దింపాలో వెతికే పని కూడా ఆయనదే. అందుకోసం పరసయ్య పడవ మాట్లాడుకున్నాడు.

పరసయ్యకి మొదట ఈ వ్యవహారం అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు.

"డబ్బులిచ్చి మరీ ములిగేటోల్ని ఇప్పుడే సూత్తన్నాను బాబూ. ములక్కండా సూడు తల్లీ అని మేం అమ్మోరికి కోడిని కోత్తాం" అన్నాడు.

"వాళ్ల కోడి ఫీజు రూపంలో మాకిస్తారులే" అన్నాడు సోమేశ్వరరావు.

ఆయన ఎక్కువగా మాట్లాడే మనిషి కాదు. ఆ మాట అన్నందుకు ఆయనే కొంచెం సిగ్గుపడ్డట్టు కనిపించాడు. చేపలమీద ఉన్న నన్ను చూసి చేతిలోకి తీసుకుని బరువు చూశాడు. యంత్రం లోతు చెబుతుంది గాని, తాడు ఎటు వాలుతోందో చేతికి తెలియనివ్వదని అన్నాడు. పోలమ్మ నా బదులు ఒక ఇటుక అడిగి తీసుకుంది.

కొత్తవాళ్లని దింపడానికి చోటు వెతకడమంటే ఏమిటో నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆయన లోతుతో మొదలుపెట్టేవాడు కాదు. "లోతు ఎంతన్నది అందరూ అడిగే ప్రశ్న. భయమేస్తే పైకి రావడానికి ఏం అడ్డమొస్తుందన్నది నా ప్రశ్న" అనేవాడు. ఒకచోట రాళ్లమధ్య అందమైన వరండాలాంటిది ఉంది. రంగురంగుల చేపలు. వద్దన్నాడు. భయపడ్డ మనిషి మొట్టమొదట చేసే పని పైకి లేవడం, తలమీద కప్పు ఉండకూడదు, నీళ్లే ఉండాలి అన్నాడు. ఇంకోచోట తెగిపోయిన వలలు బండలకి చుట్టుకుని ఉన్నాయి, అది వద్దు. గెడ్డ వచ్చి సముద్రంలో కలిసే చోట నీరు మురిగ్గా ఉండి, చాచిన చెయ్యి కనబడదు, అదీ వద్దు. మరోచోట అన్నీ బాగానే ఉన్నాయి గాని మరపడవలు తిరిగే దారి.

ఇవన్నీ దాటాక ఆయనకి ఆఖరి పరీక్ష ఒకటుండేది. అది ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆయనకి అలేఖ్య అని ఒక్కతే కూతురు. తల్లి లేదు. ఇంటర్ చదువుతోంది. దిగుతాను నాన్నా అని ఎప్పటినుంచో అడుగుతోంది. ఏ చోటు చూసినా ఆయన నీళ్లకేసి చూసి, "ఇక్కడ అలేఖ్యని దింపుతానా?" అని తనని తానే అడుక్కునేవాడు. దింపను అనిపిస్తే పడవ తిప్పించేవాడు. తన కూతుర్ని దింపని చోట ఎవరి పిల్లల్నీ దింపకూడదన్నది ఆయన నియమం. ఇంతకంటే నిజాయితీగల కొలత ఉండదని అప్పట్లో నాకూ అనిపించింది.

నెలల తరబడి తిరిగి చివరికి ఒక చోటు ఒప్పుకున్నాడు. పేటవాళ్లు దాన్ని ఇసకమడి అంటారు. చదునైన తెల్లటి ఇసక. చుట్టూ ఏమీ లేదు. నేను అక్కడ ఎన్నిసార్లు దిగానో, సబ్బుకి ఎప్పుడూ అదే ఇసక. పోటులోనూ పాటులోనూ తాడు కదలదు.

అక్కడే కేంద్రం మొదలైంది. నన్నే తాడుతో కిందికి వదిలి ఉంచేవారు, కొత్తవాళ్లు ఆ తాడు పట్టుకుని మెల్లగా దిగేవారు. దిగేముందు సోమేశ్వరరావు ఒడ్డున సైగలు నేర్పేవాడు. నీళ్లలో మాట ఉండదు కదా. చూపుడువేలూ బొటనవేలూ సున్నాలా కలిపితే బాగున్నానని. బొటనవేలు పైకి చూపిస్తే, "బాగుందని కాదు. గుర్తుపెట్టుకోండి. ఇంక చాలు, నన్ను పైకి తీసుకుపో అని" అని ప్రతి ఒక్కరిచేతా చేసి చూపించమనేవాడు. అందరూ చేసి చూపించేవారు. నీళ్లలోకి దిగాక, చిన్నప్పటినుంచి అలవాటైన చెయ్యి కదా, సంతోషం వచ్చినప్పుడల్లా బొటనవేలే లేచేది. ఆయన ప్రతిసారీ దగ్గరికెళ్లి కళ్లలోకి చూసి, పైకా, బాగుందనా అని చేతితో అడిగేవాడు. విసుగు ఉండేది కాదు.

ఇసకమడిలో ఎవరికీ ఏమీ కాలేదు. ఏమీ కనబడలేదు కూడా. ఇంత ఖర్చుపెట్టి దిగితే మా ఊరి గ్రౌండులాగే ఉందేమిటి సార్ అన్నాడొక కుర్రాడు. ఫొటోల్లో వెనకాల ఒక్క చేప కూడా పడలేదని యజమాని బాధ. మనిషి ప్రాణం దక్కించుకుని బయటపడ్డం ఫొటోలో పడదు. అందుకని దానికి విలువ తక్కువ.

చంటిపార పేరు మొదట బయటికి వచ్చింది టీ తాగుతున్నప్పుడు. చేపలు కావాలంటే ఎక్కడికెళ్లాలని యజమాని అడిగితే పరసయ్య ఏ ఉద్దేశమూ లేకుండానే చెప్పాడు. లోతు అయిదు బారలే, ఒడ్డుకి దగ్గర, చంటిపార నిండా చేపలే అన్నాడు. యజమాని మొహం వెలిగిపోయింది.

"చంటి అంటే చంటిపిల్లలనే కదా? పిల్లలకి పనికొచ్చే పార. మనకి కావలసింది అదే కదయ్యా, ఇన్నాళ్లూ చెప్పవేం?"

"అదే అయ్యుంటాది బాబూ. సిన్న పారే" అన్నాడు పరసయ్య. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఆ పేరుని పుట్టినప్పటినుంచి పిలుస్తున్నాడు. దానికి అర్థం ఉంటుందని అప్పుడే మొదటిసారి ఆలోచించాడు. తోచిన అర్థం చెప్పాడు. మర్నాటికల్లా కేంద్రం ముందు బోర్డు లేచింది. బేబీ రీఫ్, మొదటిసారి దిగేవారికి ప్రత్యేకం అని.

సోమేశ్వరరావు బోర్డు చూసి మోసపోయే మనిషి కాదు. ముందు చూసి వచ్చాకే అన్నాడు. పరసయ్య పడవలో వెళ్లి నన్ను దించాడు. రెండు పెద్ద బండల మధ్య ఇసక. బండలకి ఆవల సన్నటి సందు. తాడు నిటారుగా ఉంది. ఆయనే దిగి చూశాడు. తలపైన కప్పు లేదు, వలల్లేవు, నీరు అద్దంలా ఉంది. మళ్లీ వెళ్లాడు. పొద్దున వెళ్లాడు, మధ్యాహ్నం వెళ్లాడు, చలికాలం అంతా వెళ్తూనే ఉన్నాడు. పోటుపాట్ల పట్టిక ఆయన దగ్గర ఉంది. ఈ తీరంలో నీరు ఎక్కడం దిగడం తక్కువే, ఇసకమడిలో ఎప్పుడూ తేడా కనబడలేదు, కూతవేటు దూరంలో ఉన్న ఇక్కడ మాత్రం ఎందుకు కనబడుతుంది అనుకున్నాడు. అయినా ఊరుకోకుండా పరసయ్యని అడిగాడు.

"ఇక్కడ నీరు లాగుతుందా పరసయ్యా?"

పరసయ్య ఆలోచించే చెప్పాడు. "మేం ఎల్లిన రోజు ఎప్పుడూ లాగలేదు బాబూ."

నిజమే. వాళ్లు వెళ్లిన ఏ రోజూ లాగలేదు.

శివరాత్రి వెళ్లిన వారం తర్వాత అలేఖ్య అక్కడ దిగింది. తాడు పట్టుకుని నా దాకా వచ్చి నన్ను ముట్టుకుంది. ఒక చిలక రంగు చేప ఆమె జడ చుట్టూ తిరుగుతూ ఉంటే సిలిండరు గొట్టం నోట్లో పెట్టుకునే నవ్వింది. తండ్రి పక్కనే ఉన్నాడు. ఆయన ముఖం నాకు కళ్లకి పెట్టుకున్న అద్దంలోంచి కనబడింది. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను సముద్రం అడుగున మరెప్పుడూ చూడలేదు. పైకి వెళ్లాక, ఇక్కడ నేర్పవచ్చు అన్నాడట. యజమాని ఆమె ఫొటోని బోర్డుమీద అతికించాడు.

తర్వాత యజమాని సొంత పడవ కొన్నాడు. పరసయ్యతో వచ్చిన చిక్కు ఒక్కటే. అమావాస్యకీ పున్నానికీ ఆ పేటలో పడవ కదలదు. ఎన్ని డబ్బులిస్తానన్నా రాడు. ఎందుకంటే, అమ్మోరి రోజు అంటాడు. పండగలూ సెలవులూ వచ్చిన రోజునే పడవ లేకపోతే వ్యాపారం ఏం సాగుతుంది?

ఉగాది ముందురోజు కొత్త అమావాస్య. ఆ ప్రాంతమంతా పండగ. పేటలో పడవలన్నీ ఇసకమీదికి లాగేసి, పసుపు రాసి, బొట్లు పెట్టి ఉన్నాయి. పరసయ్య తల్లిని తీసుకుని జాతరకి వెళ్లాడు. సెలవులకి వచ్చినవాళ్లతో కేంద్రం నిండిపోయింది. కొత్త పడవ చంటిపారకి అదే మొదటిసారి వెళ్లడం.

వాళ్లలో బొబ్బిలి నుంచి వచ్చిన శ్రీకర్ ఒకడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. పడవలోంచి తల్లికి ఫోను చేశాడు. ఆవిడ ఏం అడిగిందో నాకు వినబడలేదు గాని, "కొబ్బరిచెట్టంత కూడా లేదమ్మా" అన్నాడు. ఆవిడ కూడా లోతే అడిగింది.

సోమేశ్వరరావు నన్ను దించాడు. తాడు నిటారుగానే ఉంది. అబద్ధం చెప్పలేదు నేను. ఆ క్షణంలో నీరు నిలిచే ఉంది, పోటు పూర్తయి పాటు ఇంకా మొదలవలేదు. సబ్బుకి తెల్లటి ఇసక అంటింది. ఆయన దాన్ని వేళ్లమధ్య నలిపి చూసి, సరే అని నన్ను మళ్లీ కిందికి వదిలాడు.

శ్రీకర్‌నీ ఇంకొక అమ్మాయినీ తీసుకుని ఆయన దిగాడు. ఫొటోలు తీసేవాడు వెనకాల వచ్చాడు. ముగ్గురూ నా చుట్టూ ఇసకమీద మోకాళ్లమీద కూర్చున్నారు. కాసేపటికి నా తాడు కొంచెం వాలింది. ఎంతంటే, పైన చేతిలో పట్టుకుని ఉంటే తప్ప తెలియనంత. తాడు అప్పుడు ఎవరి చేతిలోనూ లేదు, పడవకి కట్టేసి ఉంది. సందులోకి ఇసక పొగలా పాకడం మొదలుపెట్టింది. చేపలన్నీ ఒక్కసారి బండల వెనక్కి వెళ్లిపోయాయి. ఆ అమ్మాయి బెదిరింది. ఉన్నపాటున పైకి ఎగబడబోయింది. అలా ఊపిరి బిగబట్టి ఎగబడితే ఊపిరితిత్తులు చిట్లుతాయి. సోమేశ్వరరావు ఆమెని పట్టుకుని, ఫొటోలు తీసేవాడికి శ్రీకర్‌ని చూపించి, తాడు వదలొద్దని సైగ చేసి, ఆమెతో మెల్లగా పైకి వెళ్లాడు. ఇద్దర్నీ ఒక్కడే పట్టుకుని వెళ్లడం కుదరదు.

శ్రీకర్ ఒక చేత్తో తాడు పట్టుకుని, రెండో చెయ్యి చాచి బొటనవేలు పైకి చూపించాడు. పొద్దున నేర్పినట్టే, సరిగ్గా. ఫొటోలు తీసేవాడు ఆ వేళ్లని రోజుకి ఎన్ని చూస్తాడో. ఫోజనుకున్నాడు. కెమెరా ఎత్తాడు. శ్రీకర్ వేలు ఇంకా పైకెత్తి మళ్లీ చూపించాడు. వెలుగు మెరిసింది.

తర్వాత సంగతి వివరంగా చెప్పను. తాడు చెయ్యి జారింది. సందు చాలా సన్నం. సోమేశ్వరరావు వెంటనే మళ్లీ దిగాడు. అప్పటికి నీళ్లు ఎంత లాగుతున్నాయంటే, నా తాడు సందువైపు విల్లులా వంగిపోయింది. ఆయన చేతులు బండలకి గీసుకుపోయి తోలు లేచిపోయాయి. కుర్రాణ్ణి బయటికి తెచ్చాడు. ప్రాణంతో కాదు.

కొన్నాళ్లు మనుషులు వచ్చారు, ప్రశ్నలు వేశారు. లోతెంత అని అందరూ అడిగారు. అయిదు బారలంటే, అంతేనా అని ఆశ్చర్యపోయారు. సముద్రాన్ని నమ్మలేమని ఒకరన్నారు. అది తనని నమ్మమని ఎవరినీ ఎప్పుడూ అడగలేదు. కేంద్రం మూతపడింది. యజమాని వేరే ఊళ్లో వేరే వ్యాపారం పెట్టుకున్నాడు. ఫొటోలు తీసేవాడు పెళ్లిళ్ల ఫొటోలకి మారాడు. సోమేశ్వరరావు నన్ను ఇంటికి తీసుకెళ్లి వీధి అరుగుమీద పెట్టాడు. రోజూ నన్ను చూసేవాడు. కూతురిని మాత్రం చూసేవాడు కాదు. ఆ పిల్ల అన్నం వడ్డిస్తే తలెత్తకుండా తినేవాడు. బతికున్న బిడ్డ ముఖం చూడటానికి మనిషి ఎందుకు సిగ్గుపడతాడో సీసానికి అర్థమవడానికి చాలాకాలం పట్టింది.

వసుంధర టీచరు వానాకాలం వెళ్లాక వచ్చింది. శ్రీకర్ తల్లి ఆవిడ. బొబ్బిలిలో హైస్కూలు పిల్లలకి తెలుగు చెబుతుంది. ఏడవలేదు, తిట్టలేదు. కుర్చీ చూపిస్తే కూర్చుంది. నీళ్లు ఇస్తే తాగింది. సోమేశ్వరరావు మాత్రం నిలబడే ఉన్నాడు.

"నేను నా కూతుర్ని దింపని చోట ఎవరినీ దింపలేదమ్మా. మా అమ్మాయీ అక్కడే దిగింది" అన్నాడు.

"తెలుసు. బోర్డుమీద చూశాను. బాగా వచ్చింది ఫొటో" అంది ఆవిడ. ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందో లేదో నాకు తెలియలేదు. ఆయనకి తెలిసినట్టుంది. తల వంచుకున్నాడు.

ఆవిడ తన ఫోను తీసి చూపించింది. ఆఖరి ఫొటో. నీలం నీళ్లు, బుడగలు, పైకెత్తిన బొటనవేలు.

"ఆ క్షణంలో కూడా బాగుందనే చెప్పాడు. అమ్మ భయపడుతుందని వాడికి తెలుసు. నాకు మిగిలింది ఇదొక్కటే మాస్టారూ."

సోమేశ్వరరావు ఆ ఫొటోని చాలాసేపు చూశాడు. ఆ వేలికి అర్థమేమిటో ఆ కుర్రాడికి ఆ పొద్దునే ఆయనే నేర్పాడు. గుమ్మంలో నిలబడ్డ అలేఖ్యకీ తెలుసు. అరుగుమీద ఉన్న నాకూ తెలుసు.

"అవునమ్మా" అన్నాడు.

మనుషుల అబద్ధాలమీద నాకు పెద్దగా గౌరవం లేదు. అది ఒక్కటీ తప్ప.

తర్వాత ఆవిడ వచ్చిన పని చెప్పింది. ఇంట్లో బంధువులంతా కొత్త అమావాస్యనాడు పిల్లాణ్ణి ఎందుకు పంపావని అంటున్నారు. తనకి అలాంటి పట్టింపుల్లేవు. పిల్లలకి కూడా అవి నమ్మవద్దనే చెబుతుంది. "రోజుకీ దీనికీ సంబంధం లేదని మీ నోటితో ఒక్కసారి చెప్పండి. మీరు ఎన్నోసార్లు అమావాస్యనాడు అక్కడ దిగి ఉంటారు కదా."

 సోమేశ్వరరావు తను దిగిన రోజులన్నీ వేళ్లమీద లెక్కపెట్టుకున్నాడు. ఆ రోజుకి ముందు వెళ్లిన ప్రతిసారీ పరసయ్య పడవలోనే వెళ్లాడు, అది అమావాస్యకి కదలదు. మెల్లగా వచ్చి అరుగుమీద నా పక్కన కూర్చుండిపోయాడు.

"దిగలేదమ్మా. ఒక్కసారి కూడా."

ఆ సాయంత్రమే ఇద్దరూ నన్ను వెంట తీసుకుని పరసయ్య ఇంటికి వెళ్లారు. అమావాస్యనాడు పడవలు ఎందుకు వెయ్యరని ఆవిడ అడిగింది. పరసయ్యకి తెలియదు. అయ్య వెళ్లలేదు, తాత వెళ్లలేదు, అమ్మోరి రోజు అన్నాడు. మరి చంటిపారకి ఆ రోజు వెళ్లకూడదని వీళ్లకి ఎందుకు చెప్పలేదంది. పరసయ్య కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"ఆ రోజు సంద్రంలోకి ఎవులూ ఎల్లరు కదమ్మా. ఎల్లనోడికి ఎల్లొద్దని ఎలాగ సెప్తాను?"

 టీచరు పదాల అర్థం అడగడం అలవాటైన మనిషి కాబట్టి, ఇంకో ప్రశ్న వేసింది. చంటిపార అని ఎందుకంటారు?

పరసయ్య చెప్పేలోగా మూల మంచంమీద ఉన్న పోలమ్మ అందుకుంది. చూపు పోయింది గాని గొంతు పోలేదు.

"లాగుతాది కదే తల్లీ. అమాసకీ పున్నానికీ చంటిగుంట రొమ్ము లాగినట్టు లాగుతాది. మా మావ వల ఒకపాలి ఆ సందులోకే పోయింది. నోట కరిసిందంటే వొగ్గదు. అందుకే చంటిపార. నువ్వు పాలిచ్చిన తల్లివేనా? అయితే నీకు తెలుసు."

 ముసల్దానికి ఎదురుగా ఉన్నది ఎవరో తెలియదు. వసుంధర టీచరు పమిట కొంగు గుండెలమీదికి లాక్కుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

"తెలుసమ్మా" అంది.

ఆ తర్వాతి అమావాస్య పట్టపగలు పరసయ్య పడవ నీళ్లలోకి దిగింది. పేటంతా వచ్చి చూసింది. ఆడవాళ్లు మెటికలు విరిచారు.  పడవలో టీచరు, సోమేశ్వరరావు, నేను. పార మీద ఆగాక తాడు తన చేతికిమ్మని ఆవిడ అడిగింది. నేను దిగాను. మొదట అంతా నిటారుగా, నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ తొందరపడలేదు, చాలాసేపు తాడు పట్టుకుని కూర్చుంది. అప్పుడు నీరు మొదలైంది. ముందు మెల్లగా. తర్వాత ఆగి ఆగి, గుక్క గుక్కగా. తాడు ఆవిడ అరచేతిలో ఒరుసుకుంటూ సాగింది. చెయ్యి కోసుకుపోతుంది వదలండమ్మా అని సోమేశ్వరరావు అన్నాడట. ఆవిడ వదల్లేదు. ఆ పట్టు ఆవిడ చేతినుంచి తాడులోకి, తాడులోంచి నాలోకి వచ్చింది. ఎన్నో చేతులు నన్ను పట్టుకున్నాయి. ఇలా పట్టుకున్న చెయ్యి ఇంకొకటి లేదు.

నన్ను ఇక్కడే ఉంచెయ్యమంది. పరసయ్య నన్ను ఒక్కసారి పైకి తీసి, కొత్త ప్లాస్టిక్ తాడు కట్టి, నేనొక్కదాన్నే ఆగలేనని తోడుగా ఒక బండరాయి బిగించి మళ్లీ దించాడు. పై కొసకి ఎర్రటి నూనె క్యాను కట్టాడు. దానిమీద టీచరు ముందే తెల్ల రంగుతో గుండ్రటి అక్షరాల్లో రాసి తెచ్చింది. 'అమావాస్యకీ పున్నానికీ ఇక్కడ నీరు లాగుతుంది. దిగవద్దు.' పేరు రాయలేదు. కొడుకు సంగతి రాయలేదు.

క్యాను కొంతకాలం ఉంది. తర్వాత ఏదో ఊరి పడవ వచ్చి దాన్ని కోసుకుపోయింది. మంచి క్యాను, ఇంట్లో నీళ్లకి పనికొస్తుంది. అక్షరాలు గీకేస్తే పోతాయి.

నా తాడులో సగం మిగిలింది. తేలే రకం కాబట్టి, నీరు నిలకడగా ఉన్నప్పుడు మొక్కలా నిటారుగా నిలబడుతుంది. లాగుడు మొదలైతే సందువైపుకి మెల్లగా పడుకుంటుంది. నామీద గవ్వలు మొలిచాయి, తాడుకి నాచు పట్టింది. చేపలు మాత్రం నన్ను చదవడం నేర్చుకున్నాయి. తాడు వాలగానే వెళ్లిపోతాయి.

కేంద్రం పోయింది గాని బేబీ రీఫ్ అన్న పేరు పోలేదు. ఫోనుల్లో ఉండిపోయింది కాబోలు. ఎన్నో ఏళ్లకి కొత్త పడవ ఒకటి పైన ఆగింది. కొత్త లంగరు, కొత్త తాడు. ఆ తాడు పట్టుకుని ముందుగా నేర్పే మనిషి దిగింది. దగ్గరికొచ్చాక జడ చూసి పోల్చుకున్నాను. అలేఖ్య. ఈ పనిలోకి రావద్దని సోమేశ్వరరావు ఎంత మొత్తుకుని ఉంటాడో. ఉద్యోగం ఇచ్చిన కొత్త యజమానికి ఆ పేరు తప్ప ఇంకేమీ తెలిసి ఉండదు. ఆమె కావాలనే ముందు దిగి ఉంటుంది.

నా ముందు మోకాళ్లమీద కూర్చుని చేతిని నామీద పెట్టింది. తర్వాత నా తాడుకేసి చూసింది. అప్పటికి అది వాలడం మొదలుపెట్టింది, కొంచెమే. పైనుంచి అయితే ఎవరికీ తెలియదు. ఆమె తాడుని వేళ్లమధ్య పట్టుకుని, కళ్లు మూసుకుని ఆగింది. టీచరు ఆగినట్టే.

లంగరు తాడుమీద మొదటి కొత్తవాడు అప్పుడే దిగి వస్తున్నాడు. చేపల్ని చూసి కళ్లు పెద్దవయ్యాయి. అలేఖ్య అతనికి బొటనవేలు పైకి చూపించింది. అతను సంతోషంగా తన బొటనవేలు కూడా ఎత్తి చూపించాడు.

అలేఖ్య నవ్వలేదు. అలవాటే కదా అని వదిలెయ్యలేదు. ఈదుకుంటూ వెళ్లి ఆ కుర్రాడి మణికట్టు గట్టిగా పట్టుకుంది. కళ్లలోకి చూస్తూ ఇంకో చేత్తో పైకి చూపించింది. ఇద్దరూ మెల్లగా, బుడగల వెంట, వెలుతురులోకి వెళ్లిపోయారు.

పైన పడవలో వాళ్లు గొణుక్కునే ఉంటారు. ఇంత దూరం తీసుకొచ్చి ఏమీ చూపించలేదని, డబ్బులు దండగని, ఆ నేర్పే పిల్ల పిరికిదని. అననివ్వండి. అలా అనడానికి బతికి ఉన్నారు.

వాళ్లు వెళ్లాక నా తాడు పూర్తిగా నేలమీద పడుకుంది. ఆ రోజు అమావాస్యో పున్నమో నాకు తెలియదు. ఇక్కడికి పంచాంగం రాదు.